పదో గ్రేడ్ పాపకి తెలుగులో బైలిటరసీ సీల్ వస్తుందా? (బోథెల్, వాషింగ్టన్)

సునీత: నమస్కారమండీ. ఈమధ్యే హైదరాబాద్ నుంచి వచ్చాం. పాపకి తెలుగు చదవడం, రాయడం వచ్చు. ఇంగ్లీషుతో పాటు ఇంకో భాషా బాగా వచ్చని హైస్కూల్ డిప్లొమాకి ఇచ్చే గుర్తింపట కదా, ఈ సీల్ తెలుగుకి ఇస్తారా? స్కూల్లో తెలుగు క్లాసే లేదు.

రమేశ్: ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలో 3 గానీ, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియట్)లో 4 గానీ రావాలి. అంతే.

పద్మజ: రమేశ్ గారూ, అది ఒక దారి మాత్రమే. పైగా తెలుగుకి ఏపీ పరీక్షే లేదు, ఏం రాస్తుంది పాప? సునీత గారూ, క్లాసు అక్కర్లేదు. అవంత్ అనే సంస్థ వాళ్ళ భాషా పరీక్ష, స్టాంప్ డబ్ల్యూఎస్, తెలుగులో ఉంది. రాయడం, మాట్లాడడం చూస్తారు. స్కూల్ కౌన్సిలర్ దగ్గర ‘వరల్డ్ లాంగ్వేజ్ కాంపిటెన్సీ టెస్టింగ్’ అని అడగండి, ‘తెలుగు సీల్’ అంటే సగం మంది బిక్కమొహం వేస్తారు. సీల్‌కి ‘ఇంటర్మీడియట్ మిడ్’ అనే భాషా స్థాయి కావాలి, అంటే స్టాంప్‌లో 5. ఇంగ్లీష్ వైపు హైస్కూల్ గ్రాడ్యుయేషన్ అర్హతలూ పూర్తవ్వాలి. నన్నడిగితే అసలు లాభం హైస్కూల్ క్రెడిట్లది: నోవిస్ (మొదటి మెట్టు) మిడ్‌కి 1, నోవిస్ హైకి 2, ఇంటర్మీడియట్ ‘లో’ (Low)కి 3, మిడ్‌కి 4. రాత, మాట రెండిట్లో ఏది తక్కువైతే దాన్నిబట్టే లెక్క. మాటలో 6 వచ్చి రాతలో 4 (ఇంటర్మీడియట్ ‘లో’) వస్తే 3 క్రెడిట్లే.

వేణు: పిల్లలు దెబ్బతినేది రాతలోనే, అదీ తెలుగు రాక కాదు, టైపింగ్ రాక. స్కూల్ క్రోమ్‌బుక్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకోనివ్వకుండా ఐటీ వాళ్ళు తాళం వేసి ఉంచవచ్చు. పరీక్ష రోజు తెలిస్తే లాభం లేదు, ముందే ఏ కీబోర్డు ఉంటుందో రాతపూర్వకంగా అడగండి. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల కీబోర్డు అమరిక) అయితే పొల్లు ‘డి’ మీట మీద ఉంటుంది: ‘అమ్మ’లో మ, పొల్లు, మ. ఒత్తులు చేతికి అలవాటు కావాలి. ఇంకోటి, ‘నాకు క్రికెట్ ఇష్టం. రోజూ ఆడతాను.’ అని పొడిపొడిగా రాస్తే 4 దగ్గర ఆగిపోతుంది. ‘వాన పడితే ఆట ఆగిపోతుంది కాబట్టి, ఇంట్లోనే...’ అని వాక్యాలు కలవాలి. మాట్లాడేటప్పుడు ‘వీకెండ్ ఫ్రెండ్స్‌తో హ్యాంగౌట్ చేశా’ అంటే అక్కడ తెలుగు ఎంతుందో మీరే చూడండి.

రమేశ్: అదంతా సరే, ముందు ఇది వినండి. స్కూల్లో చేర్చేటప్పుడు ఇంటి భాష ఫారంలో ఇంగ్లీష్ అనే రాయండి. తెలుగు అంటే ఈఎల్ (ఇంగ్లీష్ లెర్నర్) పరీక్ష పెడతారు.

పద్మజ: దయచేసి అలా రాయకండి. మొదట నేర్చినదీ, ఇంట్లో ఎక్కువ మాట్లాడేదీ తెలుగైతే తెలుగే రాయాలి. పెట్టేది విడా స్క్రీనర్ అనే ఇంగ్లీష్ పరీక్ష. ఇంగ్లీష్ మీడియం పిల్ల అందులో గట్టెక్కితే ఈఎల్ క్లాసులు ఉండవు. మీ భయంతో వాళ్ళ చేత అబద్ధం రాయిస్తారా?

వేణు: హిందీ సెకండ్ లాంగ్వేజా సునీత గారూ? స్టాంప్ 4ఎస్ హిందీకి ఉంది, నాలుగు నైపుణ్యాలూ చూస్తారు. రెండు భాషల్లోనూ సీల్ తెచ్చుకోవచ్చు.

రమేశ్: సీల్‌తో కాలేజీ సీటొస్తుందా?

వేణు: సీటు రాదు. ఇల్లినాయిలో మాత్రం ఆ రాష్ట్ర సీల్‌ని ప్రభుత్వ కాలేజీలు రెండేళ్ళ హైస్కూల్ భాషా చదువుతో సమానంగా ఒప్పుకోవాలని చట్టం ఉంది. మిగతా చోట్ల నియమాలు వేరువేరుగా ఉంటాయి, అడ్మిషన్స్ ఆఫీసుని అడగండి.