ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌లో టెన్స్ ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు మార్చనక్కరలేదు?

ప్రశ్న (ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. నేను తెలుగు మీడియంలో చదువుకున్నదాన్ని కాబట్టి, దానికి ఇంగ్లీషు వ్యాకరణం చెప్పడం కోసం ముందు నేను చదివి ఆపైన దానికి చెబుతున్నాను. డైరెక్ట్ స్పీచ్‌ను (ఒకరు అన్న మాటను ఉన్నది ఉన్నట్టు చెప్పడాన్ని) ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌గా (ఆ మాటను మన మాటల్లో చేరవేయడంగా) మార్చే పాఠం దగ్గర మాత్రం ఇద్దరమూ ఆగిపోయాం. గైడు పుస్తకంలో ఉన్న పట్టికను, అంటే సింపుల్ ప్రెజెంట్ సింపుల్ పాస్ట్ అవుతుందని, సింపుల్ పాస్ట్ పాస్ట్ పర్ఫెక్ట్ అవుతుందని, విల్ వుడ్ అవుతుందని, అమ్మాయి కంఠతా పట్టింది. అయినా పరీక్షలో "ద గైడ్ సెడ్ దట్ ద చార్మినార్ హ్యాజ్ ఫోర్ మినరెట్స్" అని రాస్తే మార్కు వేశారు, "రవి సెడ్ దట్ హి ఈజ్ టైర్డ్" అని రాస్తే కొట్టేశారు. రెండింటిలోనూ టెన్స్ మార్చలేదు కదా, ఒకటి ఒప్పు, మరొకటి తప్పు ఎలా అయ్యాయి? దయచేసి తెలిసినవారు వివరించగలరు.

సమాధానం (విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు, మలక్‌పేట)

అమ్మా, మీ సందేహం చాలా సబబైనది. పట్టిక చెప్పేది ఫలితాన్ని మాత్రమే. దాని వెనక ఉన్న కారణం తెలిస్తే పట్టికతో పని తగ్గిపోతుంది. ఒకరి మాటను మనం మరొకరికి చేరవేసేటప్పుడు ఆ మాట అన్న సమయంలో కాక, మనం చెబుతున్న సమయంలో నిలబడి చెబుతాం. రవి "ఐ యామ్ టైర్డ్" అన్నది ఎప్పుడో; అతని అలసట అప్పటిది. ఇప్పుడు అతను అలసిపోయి ఉన్నాడో లేదో ఆ వాక్యం చూసి మనం చెప్పలేం. అందుకే "రవి సెడ్ దట్ హి వాజ్ టైర్డ్" అని రాయాలి. చార్మినార్‌కు నాలుగు మినార్లు గైడు చెప్పిన రోజునా ఉన్నాయి, ఈరోజునా ఉన్నాయి. కనుక అక్కడ "హ్యాజ్" అలాగే ఉండవచ్చు, "హ్యాడ్" అని రాసినా తప్పు కాదు.

ఇదే గైడు "కులీ కుతుబ్ షా బిల్ట్ ద చార్మినార్ ఇన్ 1591" అన్నాడనుకోండి. పట్టిక ప్రకారం "హ్యాడ్ బిల్ట్" కావాలి, అది ఒప్పే. అయితే సంవత్సరం స్పష్టంగా ఉన్న చారిత్రక విషయం కాబట్టి "బిల్ట్" అని వదిలేయడమే ఇంగ్లీషులో మరింత సహజం. 1591 అన్న అంకె ఉండగా ఏది ముందు జరిగిందో ఎవరూ పొరబడరు.

మరొక్క విషయం మీ అమ్మాయి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. రిపోర్టింగ్ వెర్బ్, అంటే "అన్నాడు, అంటాడు" అని మాటను చేరవేసే క్రియ, "సేస్" అని ప్రెజెంట్‌లో ఉంటే టెన్స్ కదలదు. "రవి సేస్ దట్ హి ఈజ్ టైర్డ్" అన్నది నిస్సందేహంగా సరైన వాక్యం. పరీక్షలో ముందుగా చూడవలసింది "సెడ్" ఉందా, "సేస్" ఉందా అన్నదే. తొందరలో పిల్లలు దీన్నే దాటేసి పోతుంటారు.

సమాధానం (డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు, నల్లకుంట)

మాస్టారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తూ, మన పిల్లలకు ఇది ప్రత్యేకంగా ఎందుకు కష్టమవుతుందో చెబుతాను. తెలుగులో "రేపు వస్తానని రవి చెప్పాడు" అంటాం. నెల గడిచాక చెప్పినా "మర్నాడు వస్తానని చెప్పాడు" అంటామే తప్ప "వస్తాను" అన్న క్రియ మారదు. పైగా "తాను వస్తానని" అన్నప్పుడు కర్త మారినా క్రియ చివర ఉత్తమ పురుష ప్రత్యయం ("నేను"తో వచ్చే "-ను") నిలిచే ఉంటుంది. తెలుగులో ఇంత హాయిగా సాగే పద్ధతిని ఇంగ్లీషులోకి తెచ్చుకుంటే "రవి సెడ్ దట్ ఐ విల్ కమ్" అనే వాక్యం పుడుతుంది. అప్పుడు వచ్చేది రవి కాదు, ఆ వాక్యం రాసిన విద్యార్థి అవుతాడు! నా తరగతిలో మొదటి సంవత్సరం జవాబు పత్రాలలో ఎక్కువగా కనిపించేది ఈ పొరపాటే. అందుచేత మార్చేటప్పుడు ముందు "ఈ ఐ ఎవరు, ఈ యు ఎవరు" అని తేల్చుకుని సర్వనామాలు సరిచేయించండి, ఆ తరువాతే టెన్స్ జోలికి వెళ్ళమనండి.

టుమారో, హియర్ వంటి మాటలకూ ఇదే లెక్క. కోఠిలో ఒక స్నేహితురాలు "ఐ విల్ మీట్ యు హియర్ టుమారో" అంటే, ఆ సాయంత్రమే కోఠిలోనే నిలబడి చెప్పేవారు "హియర్"నూ "టుమారో"నూ మార్చనవసరం లేదు. పరీక్షలో మాత్రం వేరే రోజు, వేరే చోటు అని అనుకోవాలి కాబట్టి "దేర్", "ద నెక్స్ట్ డే" అని రాయించండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. సర్వనామాలు ముందు సరిచేయమన్న సలహా మా అమ్మాయికి వెంటనే పనికివచ్చింది. అయితే ప్రశ్నలు, ఆజ్ఞలు వచ్చేసరికి మళ్ళీ తడబడుతోంది. "హి ఆస్క్డ్ మి దట్ వేర్ ఆర్ యు గోయింగ్" అని రాసింది. తప్పని తెలుస్తోంది కానీ ఎందుకు తప్పో చెప్పలేకపోతున్నాను.

సమాధానం (విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు, మలక్‌పేట)

అమ్మా, సిటీ బస్సులో కండక్టరు మాటలతోనే ఇది నేర్పించండి, రోజూ వినేవే కాబట్టి మనసుకు పడతాయి. కండక్టరు "వేర్ ఆర్ యు గోయింగ్?" అని అడిగాడు. "ఎక్కడికి వెళ్తున్నావని అడిగాడు" అనేటప్పుడు తెలుగులో ప్రశ్న ఉన్నది ఉన్నట్టు ఒదిగిపోతుంది. ఇంగ్లీషులో అలా కుదరదు. ప్రశ్న మరొకరి నోట కథనమైపోయింది కనుక మాటల వరుస మామూలు వాక్యంలాగా మారి, ముందు కర్త, తరువాత క్రియ రావాలి. "హి ఆస్క్డ్ మి వేర్ ఐ వాజ్ గోయింగ్." వేర్, వాట్, వెన్ ఉన్నచోట "దట్" రాదు, చివర ప్రశ్నార్థకం ఉండదు. అటువంటి మాట లేకుండా అవును, కాదు అని జవాబిచ్చే ప్రశ్న అయితే "ఇఫ్" గానీ "వెదర్" గానీ తెచ్చుకోవాలి. "డస్ దిస్ బస్ గో టు కోఠి?" అన్న ప్రశ్న "ఐ ఆస్క్డ్ హిమ్ ఇఫ్ దట్ బస్ వెంట్ టు కోఠి" అవుతుంది. ఇక్కడ "డస్" మాయమై, దాని టెన్స్ పాస్ట్‌గా మారి "వెంట్"లోకి చేరిందని వేలుపెట్టి చూపించండి.

ఆజ్ఞ మరీ సులువు. "డోంట్ స్టాండ్ ఆన్ ద ఫుట్‌బోర్డ్" అంటే "హి టోల్డ్ అస్ నాట్ టు స్టాండ్ ఆన్ ద ఫుట్‌బోర్డ్". బతిమాలితే "రిక్వెస్టెడ్", హెచ్చరిస్తే "వార్న్డ్".

సమాధానం (పోటీ పరీక్షల అభ్యర్థి, చిక్కడపల్లి)

పరీక్షల దృష్టితో ఒక మాట కలుపుతున్నాను. ఆబ్జెక్టివ్ ప్రశ్నపత్రంలో రెండు జవాబులూ వ్యాకరణరీత్యా ఒప్పనిపించినప్పుడు, టెన్స్ మార్చిన దాన్నే ఎంచుకోవడం క్షేమం. సార్వకాలిక సత్యాలు, మాస్టారు చెప్పిన సంవత్సరం ఉన్న చారిత్రక విషయాలు, "సేస్" ఉన్న వాక్యాలు దీనికి మినహాయింపు. "మస్ట్" విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. "యు మస్ట్ బై ఎ టికెట్" అన్నది "హి సెడ్ దట్ వి హ్యాడ్ టు బై ఎ టికెట్" అవుతుంది. కానీ "యు మస్ట్ నాట్ స్టాండ్ హియర్" అన్న నిషేధాన్ని "డిడ్ నాట్ హ్యావ్ టు స్టాండ్ దేర్" అని మారిస్తే, నిలబడకూడదన్న అర్థం పోయి నిలబడనవసరం లేదన్న అర్థం వస్తుంది. అక్కడ "మస్ట్ నాట్"ను కదపకుండా ఉంచాలి.