జన్యు సవరణ చేసిన వరికి అజోస్పిరిల్లం పనిచేస్తుందా?

ప్రశ్న (కృష్ణా డెల్టా రైతు):

సభ్యులందరికీ నమస్కారం. మేము ఏళ్లుగా బీపీటీ 5204 (సాంబ మసూరి) వరి సాగు చేస్తూ, సార్వా నాట్లకు ముందు గాలిలోని నత్రజనిని పైరుకు అందించే బాక్టీరియా అయిన అజోస్పిరిల్లాన్ని పశువుల ఎరువులో కలిపి చల్లుతున్నాము. అదే రకంలో జన్యు సవరణ చేసిన కమల విత్తనం దొరికితే వేయాలని ఉంది. కానీ జన్యువు మార్చిన పైరు వేళ్ల దగ్గర మేలు చేసే సూక్ష్మజీవులు బతకవని మా ఊళ్లో కొందరు అంటున్నారు. ఇది నిజమేనా? జీవన ఎరువులకు పెట్టే ఖర్చు వృథా అవుతుందా?

సమాధానం:

నమస్కారం అండీ. ఈ భయం బీటీ పంటల నుంచి, అంటే పురుగును చంపే బాక్టీరియా జన్యువును బయటి నుంచి చొప్పించిన పంటల నుంచి వచ్చి ఉంటుంది. బీటీ మొక్కజొన్న వేళ్ల నుంచి పురుగును చంపే ప్రోటీను మట్టిలోకి ఊరుతుందని 1999లో శాస్త్రవేత్తలు గుర్తించారు కనుక, ఆ పంటల విషయంలో ఈ ప్రశ్న అడగడం సబబే. కమల అటువంటిది కాదు. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ రూపొందించగా 2025 మే 4న కేంద్రం ప్రకటించిన ఈ రకంలో బయటి జన్యువు ఏదీ మిగలలేదు. సాంబ మసూరిలో ఉన్న జీఎన్1ఏ అనే జన్యువును పనిచేయకుండా చేశారు. సైటోకైనిన్ హార్మోనును విరగ్గొట్టే ఎంజైము ఈ జన్యువు నుంచే తయారవుతుంది కాబట్టి, అది ఆగినప్పుడు ఎదిగే వెన్నులో హార్మోను నిలిచి గింజల సంఖ్య పెరుగుతుంది. ఇందులో అజోస్పిరిల్లాన్ని చంపేది ఏదీ లేదు.

అంతమాత్రాన జన్యు సవరణకూ వేరు చుట్టూ ఉన్న జీవులకూ సంబంధమే లేదనడం కూడా సరికాదు. ఏ జన్యువును సవరించారన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. వేరు నుంచి ఊరే చక్కెరలు, ఆమ్లాలు, ఫ్లేవోన్లు అనే మొక్క రసాయనాలే సూక్ష్మజీవులకు ఆహారమూ పిలుపూ కనుక, ఆ ఊటను మార్చే సవరణ ఏదైనా వాటిని తాకుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాస్త్రవేత్తలు 2022లో వరిని సవరించి, వేళ్ల నుంచి ఎపిజెనిన్ అనే ఫ్లేవోను ఎక్కువగా ఊరేలా చేశారు. దాని ప్రభావంతో నత్రజనిని స్థిరీకరించే బాక్టీరియా పొరలా కట్టుకొని, ఆ పొరలో ప్రాణవాయువు తగ్గడం వల్ల చురుగ్గా పనిచేసింది. నత్రజని తక్కువ వేసిన మట్టిలో ఆ మొక్కలు మామూలు వరి కంటే ఎక్కువ గింజ ఇచ్చాయి. దీనికి రెండో వైపు కూడా ఉంది. వేళ్ల నుంచి ఊరే స్ట్రైగోలాక్టోన్లు అనే హార్మోన్లు జొన్నమల్లె అనే పరాన్న కలుపును మొలిపిస్తాయి, అవే వేరుకు భాస్వరం అందించే మైకోరైజా శిలీంధ్రాలనూ పిలుస్తాయి. కలుపును ఆపడానికి వాటిని పూర్తిగా తగ్గిస్తే శిలీంధ్రమూ దూరమవుతుంది. ఇటువంటి రకాల విషయంలో మీ ఊరివారి అనుమానాన్ని తేలిగ్గా తీసుకోరాదు.

మీ పొలంలో మాత్రం రకం కంటే యూరియా మీద శ్రద్ధ పెట్టమని నా మనవి. మట్టిలో అమ్మోనియా రూపంలో నత్రజని దండిగా ఉన్నప్పుడు ఈ బాక్టీరియా గాలి నుంచి నత్రజని తీయడం మానేస్తుంది. అజోస్పిరిల్లాన్ని రసాయన ఎరువుతో కలిపి చల్లకండి, యూరియాను ఒకేసారి గుమ్మరించకుండా దఫాలుగా వేయండి.

మళ్లీ ప్రశ్న:

ధన్యవాదాలండీ. రెండు రకాలూ పక్కపక్కనే వేసి నేనే పోల్చి చూడాలంటే ఎలా చేయాలి?

సమాధానం:

ఒకే మడిలో, ఒకే రోజున రెండూ నాటి, ప్రతి రకంలోనూ కొంత భాగాన్ని అజోస్పిరిల్లం లేకుండా వదలండి. కమల దాదాపు 20 రోజులు ముందుగా కోతకు వస్తుంది కాబట్టి తేదీని బట్టి కాక దశను బట్టి పోల్చండి. పైరు దశ మారితే వేరు ఊటా, దానితోపాటు సూక్ష్మజీవులూ మారతాయి. ఒకటి చిరుపొట్టలోనూ మరొకటి ఇంకా పిలకల్లోనూ ఉండగా తీసిన నమూనాలు రకాల తేడాను చూపవు. దుబ్బును మట్టితో సహా పెకలించి, మెల్లగా విదిలించి, రాలిన మట్టిని వదిలేయండి. వేళ్లకు అంటుకొని మిగిలిన పలుచని మట్టే పరీక్షకు కావలసినది. దానిని శుభ్రమైన సంచిలో, ఐసు పెట్టిన డబ్బాలో అదే రోజు ప్రయోగశాలకు చేర్చండి. నిండు నీటిలో ఉన్న మడిలో వేళ్ల మీద తుప్పు రంగు పూత కనిపిస్తే కంగారు పడకండి. వేరు నుంచి వెలువడే ప్రాణవాయువుతో కలిసి మట్టిలోని ఇనుము అలా పేరుకుంటుంది, ఏ వరి రకంలోనైనా అది మామూలే.