మైలోమాలో మూలకణ మార్పిడి: మొదట్లోనే చేయాలా, జబ్బు తిరగబెట్టేదాకా ఆగవచ్చా?

అధ్యయనార్థి:

మూలుగలోని ప్లాస్మా కణాలకు వచ్చే రక్త క్యాన్సర్ అయిన మల్టిపుల్ మైలోమా కొత్తగా బయటపడి, శరీరం తట్టుకోగల స్థితిలో ఉన్న రోగికి కొన్ని నెలలు మందులిచ్చి, మూలకణాలను సేకరించి భద్రపరచి, మెల్ఫలాన్ అనే కీమోథెరపీ మందును అధిక మోతాదులో ఇచ్చి మూలుగను దాదాపు తుడిచిపెట్టి, ఆ కణాలనే తిరిగి ఎక్కించడం చాలాకాలంగా ప్రామాణిక చికిత్సగా ఉంది. 1996లో ఫ్రెంచి బృందం 200 మందిపై జరిపిన ట్రయల్‌ను ప్రచురించింది. ఐదేళ్లు బతికే అవకాశాన్ని అందులో మామూలు కీమోథెరపీతో 12 శాతంగా, మార్పిడితో 52 శాతంగా అంచనా వేశారు. అంత తేడా కనిపించాక ఎవరూ వెనక్కి చూడలేదు.

అయితే అప్పటికి మైలోమాకు వాడే కొత్త తరం మందులైన బోర్టెజోమిబ్, లెనాలిడోమైడ్ చికిత్సలోకి రాలేదు. అవి వచ్చాక ఇదే ప్రశ్నను రెండు పెద్ద ట్రయల్స్ మళ్లీ అడిగాయి. 700 మందితో ఫ్రెంచి బృందం జరిపిన ‘ఐ.ఎఫ్.ఎం. 2009’ అనే ట్రయల్‌లో జబ్బు ముదరకుండా గడిచిన మధ్యగత కాలం (సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ) మార్పిడి పొందినవారిలో 50 నెలలు, మందులతోనే సరిపెట్టినవారిలో 36 నెలలు. నాలుగేళ్ల తర్వాత బతికి ఉన్నవారు మాత్రం 81 శాతం, 82 శాతం. 722 మందితో అమెరికాలో జరిగిన డిటర్మినేషన్ ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చాయి. అక్కడ 67.5 నెలలు, 46.2 నెలలు, ఐదేళ్ల మనుగడ 80.7 శాతం, 79.2 శాతం. జబ్బును వెనక్కి నెట్టడంలో మార్పిడి స్పష్టంగా గెలిచింది, ఆయుష్షు విషయంలో గెలవలేదు. అలాంటప్పుడు అర్హులందరికీ మొదట్లోనే చేయాలన్న నియమాన్ని దేని బలంతో కొనసాగిస్తున్నామో ఎవరైనా చెప్పగలరా?

వార్డు డాక్టరు:

అధ్యయనార్థి గారూ, అంకెలు సరిగానే ఇచ్చారు గానీ ఇరవై ఒక్క నెలల తేడాను తేలిగ్గా దాటేశారు. మైలోమా తిరగబెట్టడమంటే రక్తపరీక్ష కాగితం మీద ఒక అంకె పెరగడంతో ఆగేది కాదు. వెన్నుపూస కుంగిపోవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, కాల్షియం పెరిగి మనిషి మగతలోకి జారుకోవచ్చు. పైగా ఈ జబ్బులో మొదటిసారి దొరికే ఉపశమనమే సాధారణంగా అన్నిటికంటే దీర్ఘమైనది, తర్వాతవి క్రమంగా కురచబడతాయి.

మీరు చెప్పని మరో సంగతి ఉంది. ఐ.ఎఫ్.ఎం. 2009లో మందుల జట్టులో జబ్బు లక్షణాలతో తిరగబెట్టిన 172 మందిలో 136 మందికి, అంటే 79 శాతానికి, అప్పుడు మార్పిడి చేశారు. కాబట్టి ఆ ట్రయల్ పోల్చింది ముందు చేయడాన్ని, తర్వాత చేయడాన్ని. మార్పిడే అక్కరలేదని అది చెప్పలేదు. ట్రయల్‌లో చేరినవారందరూ 65 ఏళ్ల లోపువారు, క్రమం తప్పని పర్యవేక్షణలో ఉన్నవారు. బయట వాయిదా వేసుకున్న మనిషికి జబ్బు తిరగబెట్టే నాటికి వయసు పెరుగుతుంది, గుండె, మూత్రపిండాలు అప్పటిలా ఉండవు. "తర్వాత చూద్దాం" అనుకున్నది చాలామందికి ఇక జరగదు.

జన్యుపరంగా ప్రమాదం ఎక్కువగా ఉన్నవారి సంగతి వేరే చెప్పాలి. డిటర్మినేషన్‌లో వారికి మార్పిడితో 55.5 నెలలు దక్కితే, మందులతో 17.1 నెలలే దక్కాయి. ఆ అంకె చూశాక అలాంటి రోగికి ఆగమని చెప్పే ధైర్యం నాకు లేదు.

సంఖ్యాశాస్త్రి:

డాక్టరు గారి రెండో వాదనకు ఒక అడ్డంకి ఉంది. డిటర్మినేషన్‌లో మందుల జట్టు నుంచి ట్రయల్ చికిత్స ముగించినవారిలో తర్వాత మార్పిడి చేయించుకున్నది 28 శాతమే. అయినా ఐదేళ్ల మనుగడలో తేడా రాలేదు. అంటే తిరగబెట్టినవారిని నిలబెట్టింది వాయిదా పడిన మార్పిడి ఒక్కటే అయ్యుండదు. ఈలోగా వచ్చిన ప్రతిరక్షక మందుల వంటివి ఆ పని చాలావరకు చేసి ఉండాలి. నా దృష్టిలో ఈ చర్చ మొత్తంలో అతి ముఖ్యమైన అంకె ఈ 28, కానీ దాన్ని ఉటంకించేవారు తక్కువ.

అలాగని అధ్యయనార్థి గారి పక్షాన కూడా పూర్తిగా నిలబడలేను. డిటర్మినేషన్‌లో రోగులను గమనించిన మధ్యగత కాలం 76 నెలలు. ఐదేళ్ల తర్వాత ప్రతి ఐదుగురిలో నలుగురు బతికి ఉన్న జబ్బులో మనుగడ తేడా తేలడానికి అది చాలకపోవచ్చు. అధిక ప్రమాద రోగుల అంకె ఆకర్షణీయంగా ఉన్నా అది ట్రయల్‌లోని ఒక చిన్న భాగాన్ని విడిగా చూసిన ఉపవర్గ ఫలితం, వారి సంఖ్య తక్కువ. దాన్ని బలమైన సూచనగా తీసుకుంటాను, రుజువుగా తీసుకోను.

రెండు ట్రయల్స్‌నూ పక్కపక్కన పెట్టేవారు ఇంకొకటి గమనించాలి. ప్రధాన చికిత్స ముగిశాక రెండు జట్లకూ లెనాలిడోమైడ్‌ను ఐ.ఎఫ్.ఎం.లో ఒక ఏడాదే కొనసాగించారు, డిటర్మినేషన్‌లో జబ్బు ముదిరేదాకా ఇచ్చారు. 50 నెలలు 67.5కి, 36 నెలలు 46.2కి పెరగడంలో ఆ కొనసాగింపు వాటా గణనీయంగానే ఉండవచ్చు.

రోగి పక్షం:

ఇంతవరకు ఎవరూ మూల్యం సంగతి ఎత్తలేదు. మెల్ఫలాన్ ఎక్కుతున్నంతసేపూ రోగి ఐస్ ముక్కలు నములుతూ కూర్చుంటాడు. నోట్లోని రక్తనాళాలు ముడుచుకుంటే మందు అక్కడికి తక్కువగా చేరి పుండ్లు తగ్గుతాయని అలా చేయిస్తారు. కణాలను ఎక్కించే రోజున, వాటిని గడ్డకట్టించేటప్పుడు కలిపిన రసాయనం ఊపిరితో బయటికి వచ్చి గదంతా వెల్లుల్లి లాంటి వాసన కొడుతుంది. తెల్లకణాలు కోలుకోవడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, అలసట తీరడానికి నెలలు పడుతుంది. డిటర్మినేషన్‌లో జీవన నాణ్యత మార్పిడి సమయంలో పడిపోయి తర్వాత మళ్లీ కోలుకుందన్నది నిజమే, దాన్ని దాచను.

కోలుకోనిది వేరే ఉంది. అదే ట్రయల్‌లో మార్పిడి జట్టులో పది మందికి అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌గానీ, మూలుగ సరైన రక్తకణాలను తయారుచేయలేని మైలోడిస్‌ప్లాసియాగానీ వచ్చింది, మందుల జట్టులో ఒక్కరికీ రాలేదు. మెల్ఫలాన్ డీఎన్ఏను దెబ్బతీసే మందు. దాన్ని తట్టుకుని మిగిలిన మైలోమా కణాల్లో ఉత్పరివర్తనాలు పెరిగినట్టు కూడా పరిశోధకులు చూపించారు. ఆయుష్షు సమానమైనప్పుడు ఈ మూల్యం చెల్లించాలో వద్దో తేల్చుకునే హక్కు రోగికి ఉండాలి. చాలాచోట్ల ఆ ప్రశ్న ఆయన ముందు పెట్టడమే లేదు, తేదీ చెప్పి రమ్మంటారు.

అధ్యయనార్థి:

మందులు బాగా పనిచేసినవారికి కూడా మార్పిడి కావాలా అన్న ప్రశ్నను నేరుగా అడిగిన మిడాస్ ట్రయల్ ఫలితాలు 2025లో వచ్చాయి. ఐసాటుక్సిమాబ్ అనే ప్రతిరక్షక మందుతో కూడిన నాలుగు మందుల చికిత్స ఆరు విడతలు ఇచ్చాక మూలుగను పరీక్షించారు. లక్ష కణాల్లో ఒక్క మైలోమా కణం కూడా కనిపించని రోగులను లాటరీ పద్ధతిలో రెండుగా విభజించి, ఒక జట్టుకు మార్పిడి చేశారు, రెండో జట్టుకు అవే మందులు కొనసాగించారు. ఆ తర్వాత పది లక్షల్లో ఒకటి స్థాయిలో వెతికినా కణాలు దొరకనివారు మార్పిడి జట్టులో 86 శాతం, మందుల జట్టులో 84 శాతం. ఆగగలిగినవారు ఎవరో ఇలా ముందే గుర్తించగలిగితే, అందరికీ ఒకే దారి అనడానికి ఇక కారణం కనిపించదు.

వార్డు డాక్టరు:

మిడాస్‌ను నేనూ ఆసక్తిగానే చదివాను. అయితే అది ఇప్పటికి చెప్పింది మిగిలిన కణాల లెక్క మాత్రమే. జబ్బు ఎప్పుడు తిరగబెడుతుందో, ఎవరు ఎంతకాలం బతుకుతారో చెప్పడానికి ఇంకా ఏళ్లు కావాలి.

ఆ లెక్క విశ్వసనీయత సూది దగ్గరే మొదలవుతుంది. మూలుగను లాగేటప్పుడు మొదటి సిరంజిలో వచ్చేది చిక్కగా ఉంటుంది, తర్వాతివాటిలో రక్తం కలిసి పలచబడుతుంది. ఆ మొదటి సిరంజిని మామూలు పరీక్షలకు పంపి, మిగిలిన పలుచటి నమూనాను ఈ సూక్ష్మ పరీక్షకు ఇస్తే, కణాలు ఉన్నా లేనట్టే ఫలితం వస్తుంది. మైలోమా మూలుగంతటా సమానంగా ఉండదు కూడా. సూది దిగినచోట శుభ్రంగా ఉండి, పక్క ఎముకలో గడ్డ ఉండవచ్చు, అందుకే పెట్ స్కాన్‌తో సరిచూడాలి. పరీక్షను సరిగా చేయగలిగిన చోట, జన్యు ప్రమాదం లేని రోగికి, అన్నీ వివరించాక ఆగే దారిని నేనూ ఒప్పుకుంటాను. మిగతావారికి నా సలహా మారలేదు.

సంఖ్యాశాస్త్రి:

ఆ షరతులతో డాక్టరు గారికీ అధ్యయనార్థి గారికీ మధ్య దూరం మొదట్లో ఉన్నంత లేదు. ఒక్కటి చేరుస్తాను. ఆగాలనుకునేవారు కూడా కణాల సేకరణను వాయిదా వేయకూడదు. లెనాలిడోమైడ్ ఎక్కువకాలం వాడాక మూలుగ నుంచి కణాలు రక్తంలోకి రావడం కష్టమవుతుంది. ఒక మార్పిడికి కిలో శరీర బరువుకు కనీసం 20 లక్షల సీడీ34 కణాలు (ఆ గుర్తు ఉన్న మూలకణాలు) కావాలి, అంతకు రెట్టింపు తీసి ద్రవ నైట్రోజన్‌లో ఉంచితే తర్వాత అవసరం పడినా సరిపోతాయి. ఐ.ఎఫ్.ఎం. 2009లోనూ డిటర్మినేషన్‌లోనూ మందుల జట్టు రోగుల నుంచి సైతం కణాలను మొదట్లోనే సేకరించారు. కణాలు దాచకుండా ఆగేవారికి ఆ రెండు ట్రయల్స్ ఫలితాలు వర్తించవు.