ల్యూటన్ పడక కింద చెమ్మ, బూజు: పాత మోటార్‌హోమ్ కొన్నాం, సలహా చెప్పండి

లెస్టర్ నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. యూకేకి ఈమధ్యే వచ్చాం. 2005 నాటి కోచ్‌బిల్ట్ మోటార్‌హోమ్ (వ్యాన్ ఛాసిస్ మీద ఇంటిలా గది కట్టిన బండి) ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాం. డ్రైవర్ క్యాబ్ మీద ఉన్న ల్యూటన్ పడక పిల్లలకని అనుకున్నాం. పరుపు ఎత్తి చూస్తే అడుగంతా నల్ల చుక్కలు, కింద ప్లైవుడ్ తడి, ముక్కిపోయిన బియ్యం వాసన. ఎడమ మూలలో వాల్‌పేపర్ ఉబ్బింది. అమ్మినాయన "చలికాలం కదా, కండెన్సేషన్ అంతే" అంటున్నారు. ఈస్టర్ సెలవులకల్లా కొత్త పరుపు వేసి, గోడలకి కార్పెట్ అతికిస్తే సరిపోతుందా?

బ్రిస్టల్ నుంచి:

కార్పెట్ మాట ఇప్పుడే వద్దు తమ్ముడూ. తడి గోడ మీద కార్పెట్ వేస్తే లోపల కర్ర కుళ్లుతున్నది కనపడకుండా పోతుంది, అంతే.

మీరు చెప్పినవాటిలో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. పరుపు మధ్యలో, మనిషి పడుకునే చోట చుక్కలుంటే అది ఒంటి ఆవిరి. మూలలో ఉబ్బు, గోధుమరంగు చారలు, వాన పడ్డాక ఎక్కువయ్యే తడి ఉంటే నీళ్లు బయటి నుంచి దిగుతున్నట్టు. అనుమానం తీరాలంటే 30 సెం.మీ. చదరం పాలిథీన్ ముక్కని ప్లైవుడ్ మీద పెట్టి, నాలుగు అంచులూ టేపుతో మూసి రెండు రోజులు వదిలేయండి. తడి పాలిథీన్ పైన చేరితే గదిలోని ఆవిరి, కింద చేరితే చెక్కలోంచి వస్తున్నది.

రెండు సూదులుండే డ్యాంప్ మీటర్ కొనండి. 15 శాతం లోపు ఉంటే బాగున్నట్టే. 15 నుంచి 20 ఉంటే మూడు నెలలకోసారి కొలిచి రాసుకోండి. 20 దాటితే కారణం వెతకాలి, 30 దాటితే లోపలి ఫ్రేమ్ దెబ్బతిందనే అనుకోవాలి. ఒక్కచోట కొలిచి వదలకండి. మూలలు, కిటికీ కింద, సైడ్ లైట్ల చుట్టూ, పైకప్పు గోడని కలిసే గీత వెంట ప్రతి 20 సెం.మీ.కి గుచ్చండి. బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతే మీటర్‌తో పని లేదు.

మరక ఉన్నచోటే లీకు ఉండదు. నీళ్లు ఫ్రేమ్ కర్ర వెంట పాకి అడుగున తేలతాయి. ల్యూటన్ ముందు భాగం గాలికి ఎదురెళ్తుంది కాబట్టి వానలో నడిపితే పై అంచు సందుల్లోకి నీరు నెట్టుకుపోతుంది. మామూలు గొట్టంతో కింది నుంచి పైకి, ఒక్కో జాయింట్ దగ్గర పది నిమిషాలు నీళ్లు వదులుతూ లోపల ఒకరు టార్చితో చూడాలి. ప్రెషర్ వాషర్ మాత్రం వాడొద్దు, బాగున్న సీలు కూడా పోతుంది.

దొరికాక చేయాల్సింది: అల్యూమినియం అంచుపట్టీలో ఉన్న ప్లాస్టిక్ స్ట్రిప్ లాగండి, దాని కింద స్క్రూలుంటాయి. తుప్పుపట్టిన స్క్రూ ఎక్కడుంటే నీరు దిగే దారి దాదాపు అక్కడే. పట్టీ ఊడదీసి, పాత మాస్టిక్‌ని (సందులు మూసే జిగట ముద్దని) ప్లాస్టిక్ గీకుడు చెక్కతో తీసి, వైట్ స్పిరిట్‌తో తుడిచి, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు పోగొట్టండి. కొత్త బ్యూటైల్ టేపు (నీరు దిగకుండా ఆపే మెత్తటి రబ్బరు లాంటి జిగురు పట్టీ) 25 నుంచి 30 మి.మీ. వెడల్పుది వేసి పట్టీ బిగించండి. స్క్రూలు స్టెయిన్‌లెస్‌వి, రంధ్రం వదులైతే ఒక సైజు పెద్దవి. ఒకేసారి గట్టిగా బిగించకుండా, టేపు అంచుల్లోంచి ఉబికేదాకా కొద్దికొద్దిగా తిప్పండి. ఉబికిన దాన్ని నాలుగైదు రోజులాగి కోయండి. వాతావరణం 10 డిగ్రీలకు పైన ఉంటేనే బ్యూటైల్ చక్కగా అంటుకుంటుంది.

బాత్రూం సిలికాన్ పూసి సరిపెట్టేవాళ్లు చాలామంది. పుల్లటి వాసన వచ్చే రకం అల్యూమినియంని తినేస్తుంది. పైగా ఒకసారి సిలికాన్ తగిలిన చోట ఇంకేదీ అంటుకోదు.

లోపలి పని: 3 మి.మీ. ప్లై గోడని మల్టీటూల్‌తో సరిగ్గా అంత లోతే కోయండి. వెనక 12 వోల్టుల వైర్లుంటాయి, ఓ అంగుళం లోపలే బయటి అల్యూమినియం రేకు ఉంటుంది. ముందు బ్యాటరీ, హుక్‌అప్ (బయటి కరెంటు కేబుల్) రెండూ తీసేయండి. కుళ్లిన కర్రని గట్టి చెక్క తగిలేదాకా కోసి, అక్కణ్నుంచి ఇంకో 10 సెం.మీ. అదనంగా తీయండి. కొత్త బద్దెకి ప్రిజర్వేటివ్ పట్టించి పాలీయురెథేన్ జిగురుతో అతికించండి. పాత థర్మకోల్ బదులు అంతే మందం ఎక్స్‌పీఎస్ (నీరు పీల్చని గట్టి ఫోమ్) షీటు వాడండి. సందుల్లో ఎక్స్‌పాండింగ్ ఫోమ్ కొట్టకండి, ఉబ్బి బయటి రేకుని తోసేస్తుంది. కర్ర 15 శాతానికి దిగాకే మూయాలి. అందుకు వారాలు పడుతుంది, రోజుల్లో అవదు.

అబర్డీన్ నుంచి:

పైన చెప్పినదంతా సరే. కానీ లీకు ఒక్కటే ఆపితే స్కాట్లండ్ చలిలో రెండో రాత్రికే పరుపు మళ్లీ తడుస్తుంది. లోపల 18 డిగ్రీలు, తేమ 65 శాతం ఉంటే గాలిలో ఆవిరి దాదాపు 11 డిగ్రీల దగ్గర నీరుగా మారుతుంది. ల్యూటన్ బోర్డు కింద ఉన్నది క్యాబ్. ఒకే పొర అద్దాలు, సన్నని రేకు. బోర్డు రాత్రి 5, 6 డిగ్రీలకు దిగుతుంది. ఒంటి ఆవిరి ఫోమ్ గుండా దిగి అక్కడే నీరవుతుంది.

కాబట్టి రెండూ కావాలి. బోర్డుకి చలి తగలకుండా దాని అడుగున 10 నుంచి 13 మి.మీ. క్లోజ్డ్ సెల్ ఫోమ్ (గాలి, నీరు దూరనిది), మధ్యలో గాలి ఇరక్కుండా పూర్తిగా అతికించాలి. వెండిరంగు బబుల్ ర్యాప్ రెండు వస్తువుల మధ్య నలిగితే దాదాపు పనిచేయదు. ఇక బోర్డు పైన, పరుపు కింద గాలి ఆడాలి. చెక్క స్లాట్లు (వరసగా పేర్చే బద్దెలు) మంచివే కానీ ల్యూటన్‌లో కూర్చునే ఎత్తే ఉండదు, ఉన్నదాంట్లో 4 సెం.మీ. పోగొట్టుకోలేం. 3డీ మెష్ అండర్‌లే (పరుపు కింద గాలి ఆడేలా వేసే వల లాంటి పొర) 10 నుంచి 20 మి.మీ. మందంది వేసి, బోర్డుకి 30 మి.మీ. హోల్‌సాతో (గుండ్రటి రంధ్రం కోసే డ్రిల్ బిట్‌తో) 15 సెం.మీ.కొకటి చొప్పున రంధ్రాలు చేయండి. అంచులకీ కీళ్లకీ 10 సెం.మీ. దూరం ఉంచండి, లేకపోతే బోర్డు బలం తగ్గుతుంది. ఫోమ్ అతికించాక రంధ్రాలు చేస్తే రెండూ కలిసి తెగుతాయి. పరుపు గోడకి తగలకుండా చుట్టూ 2 సెం.మీ. ఖాళీ వదలండి.

మన కొబ్బరిపీచు షీటు వేసేవాళ్లున్నారు. రాజమండ్రి ఎండలో బాగుంటుంది గానీ ఇక్కడ తడి పీల్చుకుని ఆరదు.

స్లావ్ నుంచి, అక్క:

పరుపు గురించి. నల్లబడిన ఫోమ్‌ని ఉతికి వాడొద్దమ్మా, బూజు లోపలికంటా పోయి ఉంటుంది. పారేయండి. కొత్తది 10 సెం.మీ. హెచ్‌ఆర్ ఫోమ్ (నొక్కితే వెంటనే తిరిగి లేచే గట్టి రకం), జిప్ కవర్‌తో. మెమరీ ఫోమ్ చలికి బిగుసుకుపోతుంది. ఇంటి నుంచి తెచ్చే దూది పరుపు అసలొద్దు. పరుపు అడుగున ప్లాస్టిక్ షీటు వేస్తే ఆవిరి దాని మీదే చేరుతుంది. పిల్లలు పక్క తడుపుతారనుకుంటే షీటు పైన వేసి, పొద్దున్నే తీసేయండి. ఆరేళ్లలోపు పిల్లల్ని పై పడక మీద పడుకోబెట్టొద్దనేదే ఇక్కడి సలహా. అంతకన్నా పెద్ద పిల్లలకైనా పడిపోకుండా వల కట్టాలి.

బ్లీచ్ చల్లితే నలుపు పోతుంది, చెక్కలోని వేరు పోదు. గట్టి ప్లాస్టిక్ గోడలకి సబ్బునీళ్లు లేదా వైట్ వెనిగర్ చాలు. బ్లీచ్, వెనిగర్ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, ఇరుకు బండిలో చాలా ప్రమాదం. శుభ్రం చేసేటప్పుడు ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్క్ (సన్నని ధూళిని ఆపేది) పెట్టుకోండి.

మన వంట కూడా ఒక కారణమే. కిలో ప్రొపేన్ మండితే దాదాపు 1.6 కిలోల నీరు గాలిలోకి వస్తుంది, కుక్కర్ విజిళ్లు, ఇడ్లీ ఆవిరి అదనం. వండేటప్పుడు పైకప్పు వెంట్ తెరిచి, ఒక కిటికీ కూడా కొంచెం తీయండి. చలని చెప్పి గోడలో, నేలలో ఉండే శాశ్వత వెంట్లు మాత్రం గుడ్డలు కుక్కి మూయకండి. అవి గ్యాస్ భద్రత కోసం పెట్టినవి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఈఎన్ 50291-2 అని రాసి ఉన్నది తీసుకోండి, బండ్లకీ పడవలకీ ఉద్దేశించిన ప్రమాణం అదే.

లెస్టర్ నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ చాలా థ్యాంక్స్. మూలలో మీటర్ 28 చూపిస్తోంది. పాలిథీన్‌కి రెండు వైపులా తడి ఉంది. హీటర్ వేసి ఆరబెట్టొచ్చా? పై జాయింట్ మీద పాత సిలికాన్ కూడా కనిపిస్తోంది.

బ్రిస్టల్ నుంచి:

ఉత్త హీటర్ వేస్తే తడి ఇంకో మూలకి మారుతుంది. డెసికెంట్ రకం (తేమ పీల్చే పదార్థంతో పనిచేసే) డీహ్యుమిడిఫైయర్, అంటే గాలిలో తేమ లాగే మిషను, తీసుకోండి. కంప్రెసర్ రకం చల్లటి బండిలో మంచుపట్టి సరిగ్గా పనిచేయదు. వాల్‌పేపర్, తడి ప్లై తీసేశాకే పెట్టండి. అప్పుడు కిటికీలు మూయాలి, లేకపోతే లెస్టర్ ఊరి గాలంతా ఆరబెడుతుంటారు. అలాంటప్పుడు లోపల గ్యాస్ ఏదీ వెలిగించొద్దు. ట్యాంకు నిండితే ఆగిపోతుంది కాబట్టి పైపు సింకులోకి వదలండి.

సిలికాన్‌ని ముందు బ్లేడుతో వీలైనంత తీసి, సిలికాన్ రిమూవర్ పూసి, రుద్ది, మళ్లీ పూయండి. నీటిచుక్క వేస్తే ముత్యంలా నిలబడకుండా పరుచుకునేదాకా చేయాలి. బండి మీది పెయింటుకి పడుతుందో లేదో ముందు ఒక మూలన చూసుకోండి.

ఇంకోటి, కొత్త ప్లై, ఫోమ్, మెష్ కలిపి తూకం వేసుకోండి. ఇక్కడి మామూలు కారు లైసెన్స్‌తో 3,500 కిలోల బండి వరకే నడపగలరు. ఆ పాత బండ్లలో మనుషులు, నీళ్లు, సామాను ఎక్కాక మిగిలేది చాలా తక్కువ. ల్యూటన్ పడకకి విడిగా బరువు పరిమితి ఉంటుంది, పక్కనే స్టిక్కర్ మీద చూడండి.

ఈస్టర్‌కి బయల్దేరాలంటే ఇప్పుడు బయటి సీలు మాత్రం పూర్తిచేసి, ప్లై తీసిన మూలని తెరిచే ఉంచండి. పిల్లలకి కింద డైనెట్ పడక (భోజనం బల్ల, సీట్లు కలిపి చేసేది) వేయండి. కార్పెట్ వేసవిలో అతికించవచ్చు, వేడికి ఊడని స్ప్రే జిగురుతో. మామూలుది జులై ఎండకి పైకప్పు నుంచి ఊడి వేలాడుతుంది.