కల్తీ మద్యం ఇచ్చిన ఎలుకల కిడ్నీ: ఇది మిథనాల్ పనేనా?

ప్రశ్న: పీజీ ప్రాజెక్టు కోసం మగ విస్టార్ (ల్యాబ్‌లో పెంచే ఒక జాతి) ఎలుకల్ని మూడు గ్రూపులు చేశాను. ఒకదానికి నీళ్లు, ఒకదానికి ఇథనాల్, ఒకదానికి మిథనాల్ కలిపిన ఇథనాల్. మూడో గ్రూపు కిడ్నీలో ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ (వడకట్టిన ద్రవం మొదట వెళ్లే సన్న గొట్టం) కణాలు ఉబ్బి, లోపల బుడగలు కనిపించాయి. మధ్యమధ్య గులాబీ రంగు గుండ్రటి చుక్కలు. ‘మిథనాల్ దెబ్బ’ అని రాసేసుకున్నా. నిన్న రాత్రి నీళ్ల గ్రూపు స్లైడ్ మళ్లీ చూస్తే అవే చుక్కలు! అప్పట్నుంచి ఒకటే టెన్షన్.

జవాబు 1: చుక్కల గురించి కంగారు పడకండి. ఎదిగిన మగ ఎలుక లివర్ ఆల్ఫా-2యు గ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ తయారుచేస్తుంది. అది ట్యూబ్యూల్ కణాల్లో అలా పోగుపడుతుంది. ఆడ ఎలుకలైతే ఈ తలనొప్పే ఉండేది కాదు. బుడగల సంగతి వేరు. కిడ్నీ ఫార్మలిన్‌లో (కణజాలం పాడవకుండా ఉంచే ద్రావణం) పడటానికి ఎంతసేపు పట్టింది?

ప్రశ్న వేసినవారు: చెప్పడానికి సిగ్గుగా ఉంది సార్. ఆ రోజు ఒక్కణ్నే. మూడో గ్రూపు మొత్తాన్నీ వరసగా సాక్రిఫైస్ చేసి (చంపి), ఆ తర్వాత కిడ్నీలు తీశాను. చివరి ఎలుక దగ్గరికి వచ్చేసరికి గంట దాటింది.

జవాబు 1: అదీ విషయం. ప్రాణం పోయాక కిడ్నీలో ముందు పాడయ్యేవాటిలో ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ ఒకటి. కణం దానంతటదే కరిగిపోతుంటే విషం తిన్నట్టే కనిపిస్తుంది. నేనూ ఒకసారి ఇలాగే బోల్తాపడి, ఒక గ్రూపు స్లైడ్లన్నీ పక్కన పడేశాను. ఈసారి ఒక్కో ఎలుకకీ ఒక సీసా, మూత తీసి పక్కనే పెట్టుకోండి. పీఏఎస్ స్టెయిన్ (చక్కెర పదార్థాలున్న చోట గులాబీ రంగు పట్టే అద్దకం) కూడా వేయండి. బ్రష్ బోర్డర్ (ఆ ట్యూబ్యూల్ కణాల లోపలి అంచున ఉండే కుచ్చు) గులాబీ గీతలా ఉందో, చెదిరిందో తెలుస్తుంది.

జవాబు 2: డిజైన్‌లోనే ఒక చిక్కుంది. మిథనాల్‌ని మార్చే ఎంజైమ్‌ని ఇథనాల్ ముందే ఆక్రమించేస్తుంది. రెండూ కలిపిస్తే మిథనాల్ ఫార్మిక్ యాసిడ్‌గా మారడం ఆలస్యమవుతుంది. పైగా ఎలుకలు ఆ యాసిడ్‌ని ఫోలేట్ (ఒక బి విటమిన్) సాయంతో త్వరగా వదిలించుకుంటాయి, మనుషుల్లా కాదు. అందుకే కొందరు ముందు ఫోలేట్‌ని అడ్డుకునే మెథోట్రెక్సేట్ మందు ఇచ్చి ఆ దారి మూసేస్తారు. మిథనాల్ మాత్రమే ఇచ్చిన గ్రూపు లేకుండా ఏదీ తేలదు. కల్తీ చేసింది మిథనాల్‌తో కాక ఇథిలీన్ గ్లైకాల్ అనే మరో విషంతో అయ్యుంటే గొడవే లేదు, పోలరైజ్డ్ వెలుతురులో ఆక్సలేట్ స్ఫటికాలు తళతళలాడేవి.

ప్రశ్న వేసినవారు: నాలుగో గ్రూపుకి ఎథిక్స్ కమిటీ అనుమతి మళ్లీ అడగాలి. ఈలోపు ఉన్న బ్లాకుల్లోంచి (మైనంలో దాచిన కిడ్నీ ముక్కలు), ఆలస్యం వల్ల వచ్చిన తేడా చూడటానికి, ముందు తీసిన రెండు ఎలుకలవి, చివరి రెండింటివి పీఏఎస్‌కి పంపుతున్నా.