గ్యాస్ కిట్ పెట్టాక లోడు మీద ఎగిరిపడుతున్న బండి

పాలకొల్లు డ్రైవర్: అన్నలూ, నా పెట్రోల్ మినీ ట్రక్కుకి పోయిన నెల సీఎన్‌జీ సీక్వెన్షియల్ కిట్ (ఒక్కో సిలిండర్‌కి విడిగా గ్యాస్ ఇచ్చేది) పెట్టించాను. ఖాళీ బండి బాగానే పోతోంది. అంబాజీపేటలో కొబ్బరికాయలు ఎత్తుకుని చించినాడ వంతెన ఎక్కేసరికి ఎగిరెగిరి పడుతోంది. పెట్రోల్‌కి మారిస్తే సుబ్బరంగా ఎక్కేస్తోంది. ఇంజన్ లైటు కూడా వెలుగుతోంది. బిగించినవాళ్లేమో గ్యాస్ బండి అంతే అంటున్నారు. నిజమేనా?

తణుకు మెకానిక్: పికప్ కాస్త తగ్గడం మామూలే తమ్ముడూ. గ్యాస్ లోపలికి వెళ్లేటప్పుడు గాలి చోటు కొంత ఆక్రమిస్తుంది. ఎగిరిపడటం మాత్రం మామూలు కాదు. ముందు ప్లగ్గులు విప్పు. గ్యాస్‌కి నిప్పు అంటుకోవాలంటే గట్టి స్పార్క్ కావాలి, లోడు మీద ఇంకా గట్టిది. గ్యాప్ 1 మి.మీ. ఉంటే 0.8కి తగ్గించు. ప్లగ్గుల మీద తొడిగే కాయిల్ రబ్బరు బూట్లూ చూడు. ఇంజన్ లైటు వెలిగిందన్నావు కదా, స్కానర్‌లో లోపం కోడ్ ఏమొచ్చింది?

పాలకొల్లు డ్రైవర్: ప్లగ్గులు మార్చి గ్యాప్ తగ్గించా. సగం నయం. కోడ్ పీ0171 అన్నా.

తణుకు మెకానిక్: అంటే మిశ్రమం పలచనైంది, గ్యాస్ చాలట్లేదు. షెడ్డులో నిలబెట్టి ఆటో క్యాలిబ్రేషన్ (కిట్ తనంతట తానే గ్యాస్ కొలత సరిచూసుకోవడం) నొక్కి పంపేసి ఉంటారు. అది ఐడిల్ దగ్గరి, అంటే నిలబడ్డ బండిలో ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పటి లెక్క, వంతెన లెక్క కాదు. లోడుతోనే రోడ్డెక్కండి. కిట్‌కి తగిలించిన ల్యాప్‌టాప్ పక్కసీటువాడి చేతిలో ఉండాలి, నీ ఒళ్లో కాదు. మూడో గేరులో ఒకే స్పీడు మీద పెట్రోల్‌తో నడిపి ఇంజెక్షన్ టైమ్ (ఇంజెక్టర్‌ని ఎంతసేపు తెరవాలని ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, చెబుతోందో ఆ సమయం) రాసుకోండి. అదే స్పీడులో గ్యాస్‌కి మార్చండి. టైమ్ పెరిగిందంటే ఈసీయూ ఇంధనం చాలక ఇంకా కావాలని అడుగుతోందన్నమాట. మ్యాపులో, అంటే ఏ లోడుకి ఎంత గ్యాస్ అనే కిట్ పట్టికలో, ఆ చోట గ్యాస్ పెంచాలి. తగ్గితే తగ్గించాలి. ముందు గ్యాస్ ఫిల్టర్ చూడండి, అది మూసుకుపోయి ఉంటే మ్యాపు ఎంత తిప్పినా దండగే.

రావులపాలెం వాసి: గ్యాస్ ప్రెషర్ తగ్గించే రిడ్యూసర్‌ని కూడా ముట్టుకుని చూడండి. ఇంజన్ వేడెక్కాక అదీ వేడిగా ఉండాలి. 200 బార్ నుంచి ఒక్కసారి ప్రెషర్ పడిపోతే గ్యాస్ చల్లబడుతుంది కదండీ, అందుకే దానికి కూలెంట్ పైపు ఇస్తారు. మా బండిలో ఆ పైపులో గాలి నిలిచిపోయి రిడ్యూసర్‌కి మంచు పట్టేసింది.

పాలకొల్లు డ్రైవర్: స్పార్క్ కాస్త ముందే ఇచ్చే టైమింగ్ అడ్వాన్సర్ పెట్టమంటున్నారు, పెట్టనా?

తణుకు మెకానిక్: గ్యాస్ నెమ్మదిగా మండుతుంది, కాబట్టి ఉపయోగమే. కానీ మ్యాపు కుదిరాకే. ఇంకొకటి, వాల్వుల్ని నొక్కే టాపెట్లు. పెట్రోల్ బండికి చప్పుడొస్తే అనుమానిస్తాం. గ్యాస్ బండికి చప్పుడు తగ్గిపోతే అనుమానించు. వాల్వు కూర్చునే సీటు అరిగి వాల్వు లోపలికి దిగితే టాపెట్ గ్యాప్ బిగుసుకుపోతుంది, ఆ తర్వాత వాల్వు కాలుతుంది. ట్యాంకులో పెట్రోల్ కూడా అడుగంటనివ్వకు, పంపు ఎండిపోతుంది.

పాలకొల్లు డ్రైవర్: నిన్న లోడుతో తిప్పాం అన్నా. పెట్రోల్‌లో 8 మిల్లీసెకన్లున్నది గ్యాస్‌లో 10 దాకా పోయింది. ఆ చోట్ల పెంచాక లైటు మళ్లీ రాలేదు, వంతెన మూడో గేరులో ఎక్కేసింది. నాలుగులో ఎక్కట్లేదు, పోనీలెండి. టాపెట్లు ఆదివారం విప్పిస్తా.