28 వరుస ఓటముల డెట్రాయిట్ పిస్టన్స్: లోపం ఆటగాళ్లదా, కూర్పుదా?

ప్రశ్న (పాత స్కోర్‌బోర్డు)

2023-24 ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) సీజన్‌ను డెట్రాయిట్ పిస్టన్స్ 14 విజయాలు, 68 ఓటములతో ముగించింది. మొదటి మూడు మ్యాచ్‌లలో రెండు గెలిచి ఆశ పుట్టించిన జట్టు, ఆ తరువాత డిసెంబరు 30 దాకా గెలుపన్నది ఎరగకుండా వరుసగా 28 మ్యాచ్‌లు ఓడిపోయింది. ఒకే సీజన్‌లో ఇన్ని వరుస ఓటములు అంతకు ముందు ఏ జట్టుకూ ఎదురు కాలేదు. 2021 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే ప్రక్రియలో) మొదటి ఎంపికగా వచ్చిన కేడ్ కన్నింగ్‌హమ్ బ్రూక్లిన్ మీద 41 పాయింట్లు సాధించిన రాత్రి కూడా సొంత కోర్టులో 118-112తో ఓటమే మిగిలింది. అప్పట్లో చాలామంది దీనిని కుర్ర జట్టు తడబాటుగానే చెప్పుకొచ్చారు.

నాకు ఆ మాట మింగుడుపడడం లేదు. కన్నింగ్‌హమ్, జేలెన్ డ్యూరెన్, ఆసార్ థాంప్సన్ ఉన్న అదే జట్టు మరుసటి ఏడాది 44 మ్యాచ్‌లు గెలిచింది. ఒక్క వేసవిలో కుర్రాళ్లు అంతగా ముదిరిపోతారా? లేక జట్టు కావాలనే ఓడిందా? ఆట తీరు గమనించినవారు వివరించగలరు.

జవాబు (కార్నర్ నుంచి)

నా దృష్టిలో అసలు లోపం కోర్టు మీద ఖాళీ జాగా లేకపోవడమే. ఆ ఏడాది పిస్టన్స్ ఆటలో మళ్లీ మళ్లీ కనిపించిన ఒక్క దృశ్యాన్ని తీసుకుంటే చాలు. డ్యూరెన్ స్క్రీన్ పెడతాడు, అంటే డిఫెండర్‌కు అడ్డుగా నిలబడతాడు, కన్నింగ్‌హమ్ దాని భుజం రాసుకుంటూ బుట్ట వైపు మలుపు తిరుగుతాడు. సరిగ్గా ఆ క్షణంలో కార్నర్‌లో, అంటే కోర్టు మూలన, నిలబడిన థాంప్సన్‌ను కాపలా కాయవలసిన డిఫెండర్ అతనిని వదిలేసి, నింపాదిగా రెండడుగులు వేసి పెయింట్ (బుట్ట ముందు రంగు వేసిన జాగా) మధ్యకు వచ్చి నిలుచుంటాడు. థాంప్సన్ ఆ సీజన్‌లో మూడు పాయింట్ల షాట్లలో 18.6 శాతమే వేయగలిగాడు కనుక, బంతి అతని చేతికి వెళ్లినా ప్రత్యర్థికి బెంగ లేదు. కన్నింగ్‌హమ్ ఎదుట ఇప్పుడు ఒకరికి ముగ్గురు. అతను ముగ్గురి మీదుగా కష్టమైన షాట్ వేయాలి, లేదా ఇరుకులోంచి పాస్ ఇవ్వబోయి బంతి పోగొట్టుకోవాలి.

2024 వేసవిలో మాలిక్ బీస్లీ, టోబియాస్ హారిస్, టిమ్ హార్డవే జూనియర్ వచ్చారు. వీరిలో ఎవరూ ఆకాశం నుంచి ఊడిపడిన తారలు కారు. దూరం నుంచి షాట్ వేయగల అనుభవజ్ఞులు, అంతే. బీస్లీ ఆ ఏడాది 319 త్రీలు వేసి పిస్టన్స్ చరిత్రలోనే రికార్డు నెలకొల్పాడు. అతను కార్నర్‌లో ఉన్నప్పుడు డిఫెండర్ ఒక్క అడుగు కదలడానికి కూడా జంకుతాడు, ఆ ఒక్క అడుగే కన్నింగ్‌హమ్‌కు దారి. కుర్రాళ్లు ఎదిగారన్నది నిజమే కానీ, ఎదగడానికి ముందు వారికి చోటు దొరికింది.

జవాబు (బెంచ్ చివర)

పై మిత్రుని విశ్లేషణతో ముప్పాతిక వంతు ఏకీభవిస్తాను. అయితే కోచ్‌ను అంత తేలికగా వదిలేయలేము. మాంటీ విలియమ్స్‌ను 6 ఏళ్లకు సుమారు 78.5 మిలియన్ డాలర్ల ఒప్పందంతో తెచ్చుకున్నారు. ఆయన సీజన్ ఆరంభంలో జేడెన్ ఐవీని బెంచ్ మీద కూర్చోబెట్టి కిలియన్ హేస్‌ను ఆడించారు. ఆ హేస్‌ను ఫిబ్రవరిలో జట్టే వదులుకుంది. ఆట మొదలుపెట్టే అయిదుగురినీ ఒకేసారి బయటకు పిలిచి, అయిదుగురు బెంచ్ ఆటగాళ్లను కలిపి దింపే అలవాటు కూడా ఆయనకు ఉండేది. ఉన్న కొద్దిపాటి ఆధిక్యం ఆ నిమిషాలలోనే ఆవిరైపోతుంటే ఎంత ఓపికగల అభిమానికైనా తల కొట్టుకోవాలనిపిస్తుంది. దీనికి తోడు, నమ్మకంగా షాట్ వేయగల బోయాన్ బొగ్డనోవిచ్ గాయం వల్ల డిసెంబరు దాకా అందుబాటులో లేడు. చివరికి ఒప్పందంలో ఇంకా 5 ఏళ్లు మిగిలి ఉండగానే విలియమ్స్‌ను సాగనంపి, జె.బి. బికర్‌స్టాఫ్‌ను తీసుకున్నారు.

జవాబు (లాటరీ లెక్క)

కావాలని ఓడారా అన్న అనుమానానికి నా సమాధానం కాదు అనే. డ్రాఫ్ట్‌లో ముందు ఎంపిక ఎవరిదో వెనుకబడిన జట్ల మధ్య లాటరీ తేలుస్తుంది. 2019 నుంచి అమలైన అప్పటి పద్ధతిలో అట్టడుగున ఉన్న మూడు జట్లకూ మొదటి ఎంపిక దక్కే అవకాశం సమానంగా 14 శాతమే. అందరికంటే చివరన నిలిచిన జట్టు అయిదో ఎంపికకు జారిపోయే అవకాశం 47.9 శాతం. పిస్టన్స్‌కు 2023లోనూ, 2024లోనూ జరిగింది అదే, రెండుసార్లూ అయిదో ఎంపికే. ఇంత ఓడి ఆ కూలి కూడా గిట్టలేదన్నమాట. ఫిలడెల్ఫియా పాత పద్ధతిలో వరుసగా 19, 18, 10 విజయాలతో మూడు సీజన్లు గడిపిందంటే దాని వెనుక ఒక పథకం ఉంది, ఆ పథకాన్ని వారు దాచుకోలేదు కూడా. డెట్రాయిట్ పరిస్థితి అది కాదు; పెద్ద జీతమిచ్చి కోచ్‌ను తెచ్చుకున్న యాజమాన్యం గెలవాలనే అనుకుంది, ఎలా గెలవాలో దానికి తెలియలేదు.

పాత స్కోర్‌బోర్డు

అందరికీ ధన్యవాదాలు. ఖాళీ జాగా గురించిన వివరణ చదివాక నాకు బోస్టన్ మ్యాచ్ గుర్తుకు వచ్చింది. 28వ ఓటమి అదే. ఆ ఏడాది 64 మ్యాచ్‌లు గెలిచి టైటిల్ కూడా అందుకున్న జట్టు మీద, వారి కోర్టులోనే, పిస్టన్స్ సగం ఆట ముగిసేసరికి 19 పాయింట్ల ఆధిక్యంలో ఉండి, చివరికి ఓవర్‌టైమ్‌లో 128-122తో ఓడింది. చోటు లేకపోవడమే కారణమైతే మొదటి సగంలో ఆ ఆధిక్యం ఎలా వచ్చింది? ఓటమి అలవాటైపోయి చేతులు వణకడం అన్నది కూడా ఉంటుందేమో కదా?

కార్నర్ నుంచి

తప్పక ఉంటుంది, నేను కాదనను. కాకపోతే ఆ వణుకు ఎక్కడ పుడుతుందో చూడండి. షాట్లు పడుతున్నంతసేపూ ఏ కూర్పు లోపమూ బయటపడదు. ప్రత్యర్థి విరామంలో సర్దుకుని పెయింట్‌ను మూసేశాక, వేరే దారి లేని జట్టుకు ప్రతి బంతీ పరీక్ష అవుతుంది. రెండు రోజుల తరువాత టొరంటో మీద 129-127తో గండం గట్టెక్కారు గానీ, అదే రోజు జరిగిన ఆటగాళ్ల మార్పిడి వల్ల ప్రత్యర్థి ఆటగాళ్ల కొరతతో ఆడిందన్న సంగతి మరచిపోకూడదు. నా మటుకు నాకు అసలు మలుపు 2025 ఏప్రిల్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 100-94తో న్యూయార్క్ మీద గెలిచిన ప్లేఆఫ్స్ (సీజన్ తరువాత టైటిల్ కోసం జరిగే సిరీస్‌లు) రెండో మ్యాచ్. 2008 తరువాత ప్లేఆఫ్స్‌లో వరుసగా 15 ఓడిన పిస్టన్స్‌కు అది మొదటి గెలుపు. ఆ సిరీస్ ఆరు మ్యాచ్‌లలో చేజారినా, నాలుగో క్వార్టర్‌లో గుండె దడ ఈసారి రెండు జట్ల అభిమానులకూ సమానంగానే ఉండింది.